ఐసు ఫ్యాక్టరీ పక్క సందు

బ్లాక్‌బోర్డు మధ్యలో పైనుంచి కిందదాకా నిలువుగా గీత గీసింది హిస్టరీ మేడమ్. ఎడమవైపు తనది, కుడివైపు జాగ్రఫీ సార్‌ది. తొమ్మిదో తరగతి పిల్లలు నోళ్లు వెళ్లబెట్టి చూస్తున్నారు.

"ఇదేంటండీ?" అన్నాడు జాగ్రఫీ సార్. అతను ఆ స్కూలుకీ కొత్తే, ఆ ఊరికీ కొత్తే.

"సరిహద్దు."

"సరిహద్దు అంటే కొండో నదో ఉండాలండీ. ఇలా స్కేలు పెట్టి గీసినవి నిలబడవు."

"స్కేలు పెట్టి గీసినవే బోలెడు నిలబడ్డాయి. ఎవరు గీశారో, ఎందుకు గీశారో రేపు నా వైపు చెప్తాను. ఖాళీగా ఉంటే మీరూ వినొచ్చు."

పిల్లలు కిసుక్కున నవ్వారు. సార్ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. తర్వాత తీసి మళ్లీ చేత్తో పట్టుకున్నాడు. ఏం చేయాలో తోచనప్పుడు అతను చేసే పని అదే.

నిజానికి తప్పు వాళ్లిద్దరిదీ కాదు. ప్రపంచం ఒక్కటే అయినప్పుడు ప్రపంచ చరిత్రకి ఒక పీరియడ్, ప్రపంచ భూగోళానికి ఒక పీరియడ్ ఎందుకని స్కూలు కమిటీలో ఎవరో అన్నారు. ఆ మాట హెడ్మాస్టరు గారికి తెగ నచ్చేసింది. రెండు పీరియడ్లూ కలిపి ఒక్కటి చేశారు. ఈ ఏడాది ఇద్దరూ ఒకే గదిలో కలిసి చెప్పాలి. వచ్చే ఏడాదికి ఇద్దరిలో ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరు ఎవరో మాత్రం ఆయన చెప్పలేదు. చెప్పకపోతేనే ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తారని ఆయన నమ్మకం. జరిగింది వేరు. ఇద్దరూ ఒళ్లు దగ్గర పెట్టుకుని పోట్లాడుకున్నారు.

జాగ్రఫీ సార్‌కి ఒక పద్ధతి ఉంది. క్లాసులో ఒక్కొక్కరికీ ఒక్కో దేశం పంచిపెట్టాడు. ఏడాదంతా వాళ్లు ఆ దేశమే. పంటలేమిటి, నదులేమిటి, వానలెప్పుడు అని ఎక్కడ పట్టుకుని అడిగినా సొంతింటి సంగతిలా గడగడా చెప్పాలి. నెల తిరక్కుండానే పిల్లల అసలు పేర్లు మూలపడ్డాయి.

"మంగోలియా, ఆ కిటికీ ముయ్."

"పోర్చుగల్ ఇవాళ కూడా లేటేనా?"

మూడో బెంచీలో బొలీవియా కూర్చునేది. పక్కనే కిటికీ వైపు చిలీ. ఇద్దరూ ప్రాణస్నేహితులు. బొలీవియాకి ఉన్నదల్లా ఒకటే దిగులు, పక్కనున్న చిలీకి అంత సముద్రం ఉండి తనకి లేకపోవడం.

"సార్, నాకు సముద్రం ఎందుకు లేదు సార్?"

"చుట్టూ వేరే దేశాలున్నాయి కదమ్మా, అందుకు," అని తేల్చేశాడు సార్.

గీతకి అటువైపు నుంచి మేడమ్ అందుకుంది. "ఉండేది. ఒకప్పుడు బారెడు తీరం ఉండేది. యుద్ధం చేసి చిలీ తీసేసుకుంది."

బొలీవియా మెల్లగా తల తిప్పి చిలీ వంక చూసింది. పాపం చిలీ, అప్పుడే పెన్సిల్ చెక్కుకుంటోంది.

మర్నాడు ఇంటర్వెల్‌లో బొలీవియా కిటికీ పక్క చోటు ఆక్రమించింది. చిలీ జుట్టు పట్టుకుంది. పెరూ వచ్చి బొలీవియా పక్షాన దిగింది. ఇంకు సీసా ఒకటి పగిలింది, రిబ్బన్లు తెగాయి. హెడ్మాస్టరు గారు టీచర్లిద్దరినీ పిలిపించారు.

"పిల్లలు దేని గురించి కొట్టుకున్నారు?"

"తీరం గురించండీ," అన్నాడు సార్.

"ఏ తీరం?"

"పోయిన శతాబ్దంలో పోయిందండీ," అంది మేడమ్.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "బాగా దొరికారు ఇద్దరూ," అన్నారు.

వరండాలోకి వచ్చీ రాగానే మొదలైంది.

"మీరు దేశాలు పంచకపోతే ఈ గొడవ వచ్చేదా?"

"మీరు పాత కక్షలు తవ్వకపోతే వచ్చేదా?"

"తవ్వకపోతే అవి లేకుండా పోతాయా?"

అతను సుద్దముక్క తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె నవ్వింది. ఎడమ బుగ్గ మీద సుద్దపొడి మరక ఉంది. చెప్పాలా వద్దా అని అతను స్టాఫ్ రూము దాకా ఆలోచించాడు. చెబితే తుడిచేసుకుంటుంది కాబట్టి చెప్పలేదు.

వానాకాలంలో ఒక సాయంత్రం స్కూలు వదిలాక ఇద్దరూ వరండాలో చిక్కుపడ్డారు. పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని కేరింతలు కొడుతూ పరిగెత్తారు. టీచర్లకి ఆ సౌకర్యం లేదు. ఇద్దరికీ మధ్య ఒక స్తంభం, స్తంభానికి ఒక పక్క ఆమె, ఇంకో పక్క అతను.

"ఇది నైరుతి నుంచి వచ్చిన వాన. ఇంకో గంటదాకా ఆగదు," అన్నాడు.

"నేను అడిగానా?"

"లేదండీ."

ఆమె చూరు నుంచి కారే నీళ్లకి అరచెయ్యి పట్టింది.

"ఇలాంటి వానకే నెపోలియన్ సామ్రాజ్యం పోగొట్టుకున్నాడు," అంది ఆమె వాన వంకే చూస్తూ. "ముందు రోజు రాత్రంతా కురిసింది. నేల కాస్త ఆరనీ అని పొద్దున్న యుద్ధం ఆపాడు. ఈలోగా అవతలివాళ్లకి తోడు వచ్చేసింది."

"బంకమట్టి అయ్యుంటుంది. నీళ్లు ఇంకవు. ఫిరంగి చక్రాలు ఇంతలోతున దిగబడతాయి," అని అతను మోచేయి దాకా చూపించాడు.

ఆమె స్తంభం ఇవతలికి వచ్చింది. "ఇది రేపు క్లాసులో చెప్తారా?"

"గీతకి మీ వైపా, నా వైపా?"

"గీత సంగతి తర్వాత. ముందు చెప్తారా లేదా?"

చెప్పడం కాదు, చేసి చూపించారు. మర్నాడు తొమ్మిదో తరగతిని ఆటస్థలంలోకి తోలుకెళ్లి, ఫిరంగి అని చెప్పి ఒక డెస్కుకి తాడు కట్టి, మోకాలి లోతు బురదలో లాగించారు. మేడమ్ గట్టు మీద నిలబడి సైన్యాలని కదిపింది. సార్ బురదలో దిగి మట్టి పిసికి చూపించాడు. ఆ పాఠం పిల్లలు మర్చిపోలేదు. యూనిఫారాలు ఉతికిన వాళ్ల అమ్మలు కూడా మర్చిపోలేదు.

ఆ తర్వాత బోర్డు మీద ఎవరూ గీత గీయలేదు. ప్రేమ ఎప్పుడు మొదలైందని అడిగితే హిస్టరీ టీచరే తేదీ చెప్పలేకపోయింది. అతనికి మాత్రం ఒకటి తెలుసు. ఆదివారాలు పొడుగ్గా ఉంటున్నాయి, సోమవారం పొద్దున్న తను అద్దం ముందు మునుపటికన్నా ఎక్కువసేపు నిలబడుతున్నాడు. నోరు విప్పి చెప్పడం మాత్రం చేతకాలేదు. ప్రపంచంలోని రాజధానులన్నీ నోటికి వచ్చిన మనిషికి ఆ ఒక్క మాటా రాలేదు.

ఏడాది చివరికొచ్చింది. ఒకరోజు స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు ఆమె అతని బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"నాకు వేరే స్కూల్లో ఉద్యోగం వచ్చింది. సముద్రం పక్కన ఊరు. పై తరగతులకి కూడా హిస్టరీ చెప్పొచ్చు. శనివారం సాయంత్రం ఆరింటికి అక్కడి హెడ్మిస్ట్రెస్ మా ఇంటికి ఫోన్ చేస్తారు. వస్తానో రానో అప్పుడే చెప్పేయాలి."

వెళ్లొద్దు అనాలనిపించింది. కానీ పై తరగతులకి చెప్పడం ఆమెకి ఎంత ఇష్టమో అతనికి తెలుసు. చివరికి నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఆ ఊరు సముద్రమట్టానికి పెద్ద ఎత్తుండదండీ. గాలిలో తేమ ఎక్కువ."

ఆమె చూసింది. "ఇంకేమన్నా చెప్పాలా?"

"అప్పుడప్పుడు తుఫాన్లు కూడా..."

"దేవుడా," అంది ఆమె. కుర్చీ లాక్కుని కూర్చుంది. "చూడండి. శనివారం మా ఇంటికి రండి. ఫోన్ వచ్చేలోపు రండి. మా నాన్న ఉంటారు. తేమ గురించి కాకుండా నాతో ఇంకేదన్నా చెప్పాలనుంటే ఆయన ముందే చెప్పండి. మీరు రాలేదనుకోండి, చెప్పడానికి ఏమీ లేదనుకుంటాను. మీ సంగతి మర్చిపోయి ఆ ఊరు వెళ్లిపోతాను."

"వస్తాను," అన్నాడు అతను వెంటనే. "మీ ఇల్లెక్కడ?"

"గీసిస్తాను."

"ఉత్తరం ఎటో గుర్తు పెట్టండి. స్కేలు కూడా."

"పెడతాను మహాప్రభో."

శుభ్రంగా గీసిచ్చింది. పోస్టాఫీసు దగ్గర కుడికి తిరగాలి. సినిమా హాలు దాటాలి. కాలవ వంతెన ఎక్కి దిగాలి. ఐసు ఫ్యాక్టరీ పక్క సందులో చివరిది, నీలం గేటు. మ్యాపు చూసి అతను ముచ్చటపడ్డాడు. పిల్లలకి చూపించొచ్చు అనుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎండ ఉండగానే బయల్దేరాడు. పోస్టాఫీసు దగ్గర కుడికి తిరిగాడు. సినిమా హాలు రాలేదు. వరసగా ఫర్నిచర్ షాపులు వచ్చాయి. మ్యాపు అటూ ఇటూ తిప్పి చూశాడు. సూర్యుణ్ణి చూసి దిక్కులు సరిచూసుకున్నాడు. ఆమె తప్పు గీసే మనిషి కాదు కాబట్టి ఊరే ఎక్కడో తప్పుగా ఉందనుకున్నాడు. మళ్లీ పోస్టాఫీసుకి వచ్చి మళ్లీ మొదలెట్టాడు.

ఎవర్నన్నా అడగొచ్చు. కానీ జాగ్రఫీ టీచరు నడిరోడ్డు మీద దారి అడగడమంటే మాటలా? పైగా అదే సమయానికి పోర్చుగల్ సైకిలు మీద ఎదురొచ్చాడు.

"సార్! దారి తప్పారా సార్?"

"లేదురా. పరిశీలిస్తున్నా."

"ఇందాక కూడా ఇక్కడే పరిశీలిస్తున్నారు సార్."

"నీకు లిస్బన్‌లో పనేం లేదా? పో."

ఎండ వాలింది. ఇస్త్రీ చొక్కా వీపుకి అంటుకుంది. ఆరు దగ్గర పడుతున్న కొద్దీ పరువు సంగతి వెనక్కి పోయి భయం ముందుకొచ్చింది. టైర్ల షాపులో అమ్మాయిని అడిగాడు.

"ఐసు ఫ్యాక్టరీ ఎక్కడమ్మా?"

"ఐస్‌క్రీమా అండీ? మూల మీద దొరుకుతుంది."

"ఐస్‌క్రీమ్ కాదమ్మా, ఫ్యాక్టరీ."

"నేనెప్పుడూ వినలేదండీ."

షాపు మెట్ల మీద ఒక ముసలమ్మ గొడుగులు బాగుచేస్తోంది. తలెత్తి చూసి పకపకా నవ్వింది. "ఐసు ఫ్యాక్టరీయా! అది పడగొట్టి ఎన్నేళ్లయింది నాయనా! ఎవరు చెప్పారు నీకు?"

"మరి సినిమా హాలు?"

"కాలిపోయింది. అక్కడిప్పుడు కుర్చీలమ్ముతున్నారు."

"కాలవ వంతెన?"

"నువ్వు నిలబడింది దాని మీదే. కాలవ కింద పారుతోంది, పైన సిమెంటు పోసేశారు. పోస్టాఫీసు కూడా ఇదివరకు అటు చివర ఉండేది, ఆ బ్యాంకు దగ్గర."

అతను చేతిలో కాగితం వంక చూశాడు. మ్యాపులో తప్పేమీ లేదు. ఊరు ఆమె చిన్నప్పుడు ఎలా ఉందో అలాగే గీసింది. కావాలని కాదు. రోజూ స్కూలుకి వచ్చేది ఇదే దారి, కానీ ఆమె కళ్లకి ఇప్పటికీ సినిమా హాలు నిలబడే ఉంది, కాలవ బయటే పారుతోంది. కుర్చీల షాపుల ముందు నుంచి ఒక మనిషి ఏళ్ల తరబడి అలా నడుస్తోంటే పక్కన ఎవరూ లేకపోవడం ఏమిటి అనిపించింది అతనికి. ఆమె మీద తనకున్నది వట్టి ఇష్టం కాదని అప్పుడు తెలిసింది. కళ్లు చెమర్చాయి. ముసలమ్మ అది చూసి మళ్లీ గొడుగు చేతిలోకి తీసుకుంది.

"ఐసు ఫ్యాక్టరీ పక్క సందు ఎటమ్మా?"

"అలా అడుగు. బ్యాంకు వెనక నుంచి ఎడమకి పో."

ఆ తర్వాత అతను నెరిసిన జుట్టు కనిపిస్తే తప్ప ఎవర్నీ అడగలేదు. పరువు లేదు, పాడూ లేదు. పరిగెత్తాడు.

అక్కడ ఇంట్లో ఆమె గేటుకీ గడియారానికీ మధ్య తిరుగుతోంది. వాళ్ల నాన్న ఒకప్పుడు ఆ ఐసు ఫ్యాక్టరీలోనే మెకానిక్. కూతురి తిరుగుడు చూసి చూసి విసిగిపోయాడు.

"దారి సరిగ్గా చెప్పావా?" అని అడిగాడు.

"బొమ్మ గీసిచ్చాను నాన్నా. పోస్టాఫీసు దగ్గర కుడికి..." అని గట్టిగా మొదలెట్టింది.

"ఏ పోస్టాఫీసే?"

ఆమె ఠక్కున ఆగింది. నెత్తి కొట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగుతీసింది.

ఆమె అటు వెళ్లింది, అతను ఇటు నుంచి వచ్చాడు. నీలం గేటు దగ్గర రొప్పుతూ నిలబడ్డవాణ్ణి పెద్దాయన పైనుంచి కిందదాకా చూశాడు.

"జాగ్రఫీ నువ్వేనా?"

"అవునండీ. మేడమ్ గారు..."

"నీ కోసమే వెళ్లింది. లోపలికి రా."

లోపల గోడకున్న ఫోన్ మోగింది. పెద్దాయనకి మోత వినపడలేదు, అతని మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

"తియ్యి బాబూ. ఫ్యాక్టరీ మిషన్ల హోరులో నా చెవులు ఎప్పుడో పోయాయి. ఫోన్లో నాకు ఒక్క ముక్క వినపడదు."

"నేనా? నేనేం చెప్పనండీ?"

"నువ్వేం చెప్పాలని వచ్చావో నాకేం తెలుసు?"

తీశాడు. అవతలి గొంతు కత్తిలా ఉంది. "హెడ్మిస్ట్రెస్‌ని మాట్లాడుతున్నాను. మీ టీచరు మా స్కూలుకి వస్తున్నారా, లేదా? రాకపోతే ఇంకొకరికి చెప్పేస్తాను."

రాదండీ, అంటే చాలు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఒక్క మాటతో ఆమె ఈ ఊళ్లో ఉండిపోతుంది. వినేవాళ్లు కూడా లేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది అతను చెప్పాల్సిన మాట కాదు.

"ఒక్క నిమిషం అండీ. ఆమె వచ్చేస్తున్నారు. ఆమే చెప్తారు."

"నాకు బస్సు టైమవుతోంది."

"అది కాదండీ... మీ ఊళ్లో... సముద్రం స్కూలుకి ఏ వైపున ఉంటుందండీ?"

"తూర్పున. ఎందుకు?"

"అయితే పొద్దున్న గాలి ఎటునుంచి వీస్తుంది?"

"బాబూ, మీరెవరు?"

"వానలు ఏ నెలలో ఎక్కువండీ? సముద్రం పక్కన కదా, స్కూలు బావిలో నీళ్లు ఉప్పగా ఉంటాయేమో..."

"ఉప్పగానా!" అవతల రోషం వచ్చేసింది. "మా బావి నీళ్లు ఊరు మొత్తం మీద తియ్యన! ఎవరు చెప్పారు మీకు ఉప్పగా ఉంటాయని? ఆ బావి ఎవరు తవ్వించారో తెలుసా?"

"తెలీదండీ. చెప్పండి," అన్నాడు అతను ఆశగా.

బావి చరిత్ర సగంలో ఉండగా ఆమె గుమ్మంలోకి వచ్చింది. కాళ్ల నిండా దుమ్ము. ఫోన్ పట్టుకుని "ఆహా, బావి ఎంత లోతండీ?" అని గట్టిగా అడుగుతున్న మనిషిని చూసి అక్కడే ఆగిపోయింది.

అతను ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వాళ్లే. మీకేది ఇష్టమైతే అది చెప్పండి. వెళ్లినా సరే, ఉన్నా సరే. నాకు మాత్రం మీరంటే ఇష్టం. అది చెప్పడానికే వచ్చాను. దారిలో మీ ఊరంతా చూశాను, ఇప్పుడు లేనిది కూడా."

ఆమె ఏదో అనబోయింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు పెద్దాయన. "కాస్త గట్టిగా చెప్పు బాబూ, నాకు వినపళ్లేదు."

అతను పెద్దాయన వైపు తిరిగాడు. గుండెనిండా గాలి పీల్చుకున్నాడు. "నాకు మీ అమ్మాయంటే ఇష్టం అండీ!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"అలా చెప్పు," అన్నాడు పెద్దాయన. "దీనికి బావి లోతెందుకు?" అని లేచి, తన పడక్కుర్చీ అతని వైపు జరిపాడు. ఆ ఇంట్లో ఆ కుర్చీలో ఆయన తప్ప ఇంకెవరూ కూర్చోరు. కూతురికి ఆ సంగతి తెలుసు కాబట్టి ఇక నాన్నని ఏమీ అడగలేదు.

ఆమె వచ్చి ఫోన్ అందుకుంది. "నమస్కారమండీ. నేనే. వస్తున్నాను."

ఆ మాట అతనికి గుచ్చుకుంది. అయినా తలూపాడు. తర్వాత మెల్లగా, "అక్కడ జాగ్రఫీ ఎవరు చెప్తారో కనుక్కోండి," అన్నాడు.

ఆమె అతని వంక చూస్తూనే అడిగింది. "మీ స్కూల్లో జాగ్రఫీకి ఎవరున్నారండీ?"

"ఉన్నాయన వేసవికి రిటైరవుతున్నారు. ఏం?"

"ఇందాక బావి గురించి అడిగారు కదండీ, ఆయన అప్లికేషన్ పెట్టుకుంటారట."

"ఇందాక ఎవరో గట్టిగా అరిచారు కూడా. ఆయనేనా?"

"ఆయనేనండీ."

"ఇంతకీ ఆయన మీకేమవుతారు?"

ఆమె అతన్ని చూసింది. చొక్కా చెమటకి తడిసిపోయింది, జుట్టు చెదిరిపోయింది. పడక్కుర్చీ అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

"ఇంకా ఏమీ కాలేదండీ," అంది. "అవుతారు."